రెండుచోట్ల రాసిన ఇల్లు

ఆ వేసవిలో నన్ను రెండుసార్లు లెక్కపెట్టారు. మొదటిసారి లెక్కపెట్టింది నేనే. రెండోసారి ఎవరు లెక్కపెట్టారో, ఎవరి మాట మీద లెక్కపెట్టారో తెలిసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

జనాభా లెక్కలంటే బడిపంతుళ్ళకు కొత్తేమీ కాదు. పదేళ్ళకోసారి, సెలవులిచ్చిన మర్నాడే, లోకమంతా ఫ్యాను కింద చేరే వేళకు మా భుజానికో సంచీ తగిలించి, ఓ కట్ట ఫారాలు, రెండు పెన్నులు, తలుపుల మీద నంబర్లు వేయడానికి నాలుగు సుద్దముక్కలు ఇచ్చి ఎండలోకి తోలేస్తారు. అంతకు ముందు లెక్కలో కూడా నేను తిరిగాను. కాకపోతే ఈసారి సంచీ తీసుకుని బయల్దేరుతుంటే మా హెడ్మాస్టరుగారు గేటు దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, "కాస్త చూసి రాయమ్మా" అన్నారు.

ఏం చూసి రాయాలో మా ఇద్దరికీ తెలుసు. మా పాత బజారు వార్డులో పోయిన లెక్కకు నాలుగువేల పైచిలుకు జనం ఉండేవాళ్ళు. ఈసారి రెండున్నర వేలకు ఒక్కరు తగ్గినా మా బడి ఎత్తేసి, రింగు రోడ్డు అవతల కొత్త కాలనీ బడిలో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. మూడొందల మంది పిల్లల కోసం కట్టిన బడి అది. ముప్ఫై ఒక్కరు మిగిలారు. రెండు గదులకు తాళాలు పడ్డాయి. పంతొమ్మిదేళ్ళుగా నేను పాఠం చెబుతున్నది ఆ బడిలోనే, నేను అక్షరాలు దిద్దుకున్నదీ ఆ బడిలోనే. అది లేకపోతే నేనేమైపోతానో అప్పట్లో నాకు ఊహకైనా అందేది కాదు.

మా ఇంట్లో నలుగురం. బజారు వీధిలో కింద మా ఆయన టైలరు షాపు, పైన మా కాపురం, మధ్యలో పద్దెనిమిది నిటారు మెట్లు. మా ఆయనది మెత్తటి స్వభావం. మాట్లాడటం ఇష్టం లేనప్పుడల్లా నాలుగు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఎవరేం అడిగినా "ఊఁ" తప్ప జవాబుండదు. పెళ్ళయిన కొత్తలో అది పనిమీది శ్రద్ధ అనుకుని మురిసిపోయాను. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. ఇక మా అత్తగారు. ఆవిడ గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. అసలు ఆ ఫారాలు ఆవిడ చేతికిచ్చి ఉంటే ప్రభుత్వానికి సగం ఖర్చు తగ్గేది.

మొదటివారం అంతా ఇల్లిల్లూ తిరిగాను. పది గుమ్మాలుంటే నాలుగింటికి తాళాలు. తాళం వేసిన ఇంటికి ఫారంలో ఒక గీత చాలు, పని తొందరగా అవుతుంది. కానీ ఆ గీత గీసిన ప్రతిసారీ నా బడి తాలూకు ఒక బెంచీ ఎవరో మోసుకుపోతున్నట్టే ఉండేది.

నాలుగో రోజున బొత్తాల పిన్ని ఇంటికి వెళ్ళాను. బొత్తాలు, దారాలు, హుక్కులు అమ్మే కొట్టు ఆవిడది. వెనక గదిలో కాపురం. నన్ను చూడగానే ముక్కాలిపీట జరిపి, మంచినీళ్ళిచ్చి, లెక్కలవాళ్ళ కోసమే ఎదురుచూస్తున్నదానిలా కూర్చుంది.

"ఇంట్లో ఎంతమంది పిన్నీ?" అన్నాను.

"నలుగురం."

"ఎవరెవరు?"

"నేను, మా పెద్దాడు, వాడి పెళ్ళాం, వాడి పిల్ల."

నేను పెన్ను ఎత్తి ఆవిడ మొహంలోకి చూశాను. "మీ పెద్దాడు కాలనీకి వెళ్ళి రెండేళ్ళయింది కదా పిన్నీ?"

"వెళ్తే ఏం? ఆ మేకుకు వేలాడుతున్నది ఎవరి చొక్కా? మీ ఆయన కుట్టిందే కదా! చొక్కా ఇక్కడుంటే మనిషి ఇక్కడ లేనట్టా?"

గోడ మేకుకు నిజంగానే నీలం చారల చొక్కా ఉంది. ఇస్త్రీ మడతలు కూడా చెదరలేదు. ఫారంలో అడగాల్సిన ప్రశ్న స్పష్టంగా ఉంది. గడిచిన ఆరు నెలలుగా ఇక్కడే ఉంటున్నారా, లేదా రాబోయే ఆరు నెలలు ఇక్కడే ఉండబోతున్నారా? నేను ఆ ప్రశ్న అడగలేదు. "వయసెంత?" అని అడిగాను. మూడు పేర్లూ రాసేశాను. పిన్ని మొహం వెలిగిపోయింది.

ఆ ఇంట్లో రాసింది జాలితోనే. ప్రమాణం చేసి చెప్పమన్నా చెబుతాను. ఆ తర్వాత ఇళ్ళల్లో రాసింది మాత్రం జాలితో కాదు. తాళాలు బాగుచేసే ముసలాయన ఇద్దరు కూతుళ్ళు, ప్రింటింగు ప్రెస్సువాళ్ళ తమ్ముడి కుటుంబం నలుగురు, ఇంకొకరు, ఇంకొకరు. ఏ తల్లి "వాడు ఇక్కడివాడే కదమ్మా" అన్నా నాకదే చాలు. వీధి చివరికొచ్చేసరికి అలాంటివాళ్ళు పదమూడు మంది అయ్యారు. ఎవరూ అబద్ధం చెబుతున్నామనుకోలేదు. మా బజారువాళ్ళకు కాలనీకి వెళ్ళడం అంటే ఊరు విడిచి పోవడం కాదు, పని మీద వెళ్ళి ఇంకా తిరిగి రాకపోవడం. నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను.

ఇంట్లో మాత్రం ఆ రోజుల్లో గాలి ఏదో తేడాగా ఉండేది. మా అత్తగారు మెట్లు దిగడం అంటే వారానికోసారి, అదీ సణుగుతూ. అలాంటిది ఆ నెలలో మూడు ఆదివారాలు వరసగా కొడుకుతో కలిసి బయటికి వెళ్ళింది. మోకాళ్ళ డాక్టరు దగ్గరికట. తిరిగొచ్చాక చూస్తే చీర అంచున తెల్లటి సున్నం.

"డాక్టరుగారి దగ్గర సున్నం ఎందుకంటుకుంది అత్తయ్యా?" అన్నాను.

"వాళ్ళ గోడలు అలాంటివి," అంది.

మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పుడే జేబులోంచి గుండుసూదులు తీసి నోట్లో పెట్టుకుంటున్నాడు. మా అమ్మాయి పుస్తకం మొహానికి అడ్డంగా పెట్టుకుంది. పుస్తకం తలకిందులుగా ఉంది. ఇంత కనబడుతున్నా నాకు బుర్రలో వెలగలేదంటే, ఊరందరి ఇళ్ళూ తిరిగే మనిషికి సొంతిల్లు ఎంత కనిపిస్తుందో మీరే అర్థం చేసుకోండి.

మా బ్లాకులో ఆఖరి ఇల్లు మాదే. సాయంత్రం వంటింట్లో నిలబడి ఫారం నింపాను. కుటుంబ పెద్ద, మా ఆయన. తల్లి. భార్య. కూతురు. నాలుగు వరసలు. రాస్తూ, "ఆరు నెలలుగా ఇక్కడే ఉంటున్నారా?" అని సరదాకి పైకి చదివాను. ఎవరూ నవ్వలేదు. మా అత్తగారు గ్లాసులు కడగడం మొదలుపెట్టింది, అవి అప్పటికే కడిగినవి.

లెక్కల కాగితాలన్నీ పట్టణం నడిమధ్య ఆఫీసు హాల్లో పోగేశారు. బల్లల మీద బస్తాల్లా కట్టలు, గోడకు పెద్ద అట్ట, దాని మీద ఒక్కో వార్డుకు పాత లెక్కా కొత్త లెక్కా పక్కపక్కన. పట్టణం మధ్యలోని వార్డులన్నీ తరిగాయి. చుట్టూ ఉన్నవన్నీ పెరిగాయి. కొత్త కాలనీకి పాత లెక్క తొమ్మిదొందలు, కొత్త లెక్క పదకొండు వేలు. ఆ అంకె దగ్గర సున్నా ఎక్కువైందేమోనని నేను దగ్గరికెళ్ళి మరీ చూశాను.

మా వార్డు లెక్క తేలింది. రెండువేల అయిదొందల ఏడు. హెడ్మాస్టరుగారు ఎక్కడ విన్నారో గానీ ఎండలో పడి బిస్కెట్ల పొట్లంతో వచ్చేశారు. "బతికించావమ్మా," అన్నారు. ఏడుగురు ఎక్కువ. అందులో ఎన్ని దొంగ పేర్లో నాకు తెలుసు కాబట్టి బిస్కెట్టు గొంతు దిగలేదు. మంచినీళ్ళతో మింగాను.

ఆ మధ్యాహ్నం ఒక వార్డువాళ్ళ కాగితాలు ఇంకో వార్డువాళ్ళకు ఇచ్చి తప్పులు చూడమన్నారు. నాకు కాలనీ కట్ట వచ్చింది. అది రాసింది ఒక చిన్న వయసు టీచరు. నీడలో కూడా గొడుగు చంకలో పెట్టుకుని తిరుగుతుంది కాబట్టి హాలంతా ఆ అమ్మాయిని గొడుగు టీచరు అనేవాళ్ళు. నా పక్కనే కూర్చుంది. మనిషి మాటకారి.

"మా క్లాసులో డెబ్బై ఇద్దరు మేడం," అంది. "హాజరు పిలిచేసరికే పీరియడ్ అయిపోతుంది. పేర్లు తెలుసు గానీ మొహాలు తెలీవు. మీకేం, ముప్ఫై మందిట కదా, అదృష్టవంతులు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలో సూపర్‌వైజరు గారు, చత్వారం కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఒక ఫారం ఊపుతూ వచ్చాడు.

"గొడుగమ్మా, ఈ ఇల్లేంటమ్మా ఇలా ఉంది? కుటుంబ పెద్ద, ముసలావిడ. కొడుకు, పెళ్ళయింది. కూతురు, పెళ్ళయింది. మనవరాలు ఒకటి. మరి కోడలేదీ? అల్లుడేడీ? ఈ మనవరాలు ఎవరి పిల్ల?"

హాలంతా నవ్వింది. గొడుగు టీచరు మొహం ఎర్రబడింది. "నేను రెండుసార్లు అడిగాను సార్. కొత్తగా తీసుకున్న ఇల్లట, ఇంకా ఖాళీగా ఉంది, వడ్రంగి అలమారాకి కొలతలు తీసుకుంటున్నాడు. ఆ పెద్దావిడ పెయింటు డబ్బా మీద కూర్చుని చెప్పింది. మూడోసారి అడిగితే 'నీకు చెవుడా?' అంది. వాళ్ళబ్బాయి టీ కోసం వెళ్ళాడట, ఆయనొచ్చేదాకా ఉండమన్నా ఉండనివ్వలేదు."

"మేడం, మీరు చూడండి ఇది," అని సూపర్‌వైజరు ఫారం నా చేతిలో పెట్టాడు.

చూశాను. మొదటి వరసలో మా అత్తగారి పేరు. ఒకే పేరు ఎంతమందికి ఉండదు అనుకున్నాను. రెండో వరసలో మా ఆయన పేరు, వృత్తి టైలరు. నాలుగోదాంట్లో మా అమ్మాయి. మూడో వరసలో నేను. నా పేరు, నా వయసు మూడేళ్ళు తగ్గించి, వృత్తి దగ్గర ప్రధానోపాధ్యాయురాలు అని. నేను ఏనాడూ హెడ్మిస్ట్రెస్ కాలేదు. సంబంధం దగ్గర, కూతురు.

నేను కాలు పెట్టని ఇంట్లో, చూడని గదుల్లో నేను కాపురం ఉంటున్నాను. ఇంట్లో నలుగురం ఉంటే ముగ్గురికి తెలుసు. ఇల్లిల్లూ తిరిగి అందరి గుట్టూ రాసుకొచ్చిన నాకే తెలియదు. కోపం కంటే ముందు సిగ్గేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది, బాగా వచ్చింది.

సూపర్‌వైజరును పక్కకు పిలిచి సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు, పాపం. కళ్ళజోడు దించి రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు.

"ఆరు నెలలుగా అక్కడున్నారు, ఆ లెక్కన పాత బజారు. రాబోయే ఆరు నెలలు ఇక్కడ ఉండబోతున్నామని చెప్పారు, ఆ లెక్కన కాలనీ. రెండూ రూలు ప్రకారమే. కానీ మనుషులు ఒక్కచోటే ఉండాలి కదమ్మా. ఏది ఉంచాలో, ఏది కొట్టేయాలో మీరే చెప్పండి, మీ ఇల్లే కదా. ఎల్లుండి సాయంత్రం దాకా టైముంది."

ఇంటికి ఎలా నడిచానో తెలియదు. మా ఆయనను షాపు మూసి పైకి రమ్మన్నాను. మా అత్తగారు మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. అమ్మాయి నన్ను చూడగానే లేచి గోడకు ఆనుకుంది.

"ఇల్లు బాగుందా అత్తయ్యా?" అన్నాను.

'ఏ ఇల్లు?' అంటుందనుకున్నాను. అనలేదు. మా అత్తగారికి అబద్ధం ఒక్కసారి ఆడటానికే ఓపిక, రెండోసారి ఉండదు.

"మెట్లు లేవు," అంది.

"గోడలకు లేత పసుపు నేనే చెప్పానమ్మా," అంది మా అమ్మాయి, ఏడుపు గొంతుతో.

మా ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. "ముందు ఆ సూదులు ఇలా ఇవ్వండి," అన్నాను. ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టాడు. ఆరు ఉన్నాయి. ఆ తర్వాత కిందికి వెళ్ళి తన కొలతల పుస్తకం తీసుకొచ్చాడు. అది లావుపాటి బైండు పుస్తకం, మనిషికో పేజీ. భుజం, చెయ్యి, నడుము, పొడవు. ఎవరు లావెక్కారో, ఎవరి పిల్లలు ఎంత ఎదిగారో అందులో ఉంటుంది. ఎప్పుడూ దాని వంక చూసినదాన్ని కాదు.

"నీలం సుద్ద గీత ఉన్నవి వెళ్ళిపోయినవాళ్ళవి," అన్నాడు.

పేజీలు తిప్పాను. నీలం, నీలం, నీలం, ఒకటి తెలుపు, మళ్ళీ నీలం. నేను చదువు చెప్పిన పిల్లల పేజీలు కూడా ఉన్నాయి, యూనిఫాం కొలతలతో.

"నువ్వు ఈ నెలలో ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టావు. నేను తొమ్మిదేళ్ళుగా కూర్చున్నచోటే లెక్కపెడుతున్నాను," అన్నాడు. "చెబుదామనే అనుకుంటాను. నువ్వు బడి గురించి మొదలుపెడతావు. నీ మొహం చూస్తే నా చెయ్యి సూదుల మీదికే పోతుంది."

"అంటే నన్నిక్కడ వదిలేసి మీ ముగ్గురూ వెళ్ళిపోదామనుకున్నారా?" అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను.

మా అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "ముగ్గురమని ఎవరన్నారే? ఆ గొడుగు పిల్ల ఎంతమందని అడిగింది. నలుగురమన్నాను. ముగ్గురని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"కూతురని ఎందుకు చెప్పారు మరి?"

"గబగబా అడిగింది. నోటికొచ్చింది చెప్పాను," అని మొహం అటు తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిరిగింది. "ఈ వీధిలో నాతో కబుర్లు చెప్పేవాళ్ళు ఎటూ లేరు, పోట్లాడటానికైనా ఒక్క మనిషి మిగల్లేదే అమ్మాయ్. నేను ఉండబోయే చోటు చెప్పాను. అందులో అబద్ధమేముంది? నువ్వు మాత్రం ఆ బొత్తాలదాని కొడుకుని ఏమని రాశావు?"

బొత్తాల పిన్ని సంబరంగా చెప్పుకుందట, టీచరమ్మ మా వాణ్ణి రాసిందని. మా అత్తగారు ఆ మాట పదిహేను రోజులుగా కడుపులో దాచుకుంది. ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా. ఆయన నా వంక చూశాడు. ఆ చూపులో ఎత్తిపొడుపు లేదు, అదే ఇబ్బందైంది నాకు. వాళ్ళు ఇంకా చేరని ఇంట్లో నలుగురిని రాయించారు. ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయిన పదమూడు మందిని నేను పాత ఇళ్ళల్లోనే రాశాను. పైగా వాళ్ళది రూలు ప్రకారమే.

సూదులు ఆయన చేతికి తిరిగిచ్చి, వంటింట్లోకి వెళ్ళి అన్నం వండాను.

మర్నాడు పొద్దున్నే సంచీ తగిలించుకుని మళ్ళీ బజారులో పడ్డాను. ఈసారి ఎవరూ చెప్పలేదు, ఎవరూ పంపలేదు. తాళాల ముసలాయన ఇంట్లో, ప్రెస్సువాళ్ళింట్లో, అందరి దగ్గరా ఫారంలో ఉన్న ప్రశ్న ఉన్నదున్నట్టు చదివాను. ప్రశ్న సరిగ్గా అడిగితే ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆలోచించి, తల అడ్డంగా ఊపారు. ప్రెస్సు ఆయన మాత్రం, "రాసేటప్పుడు మీకు తెలీదా టీచరుగారూ?" అన్నాడు. తెలుసన్నాను. ఆయన తలుపు వేసుకున్నాడు.

బొత్తాల పిన్ని ఇల్లు ఆఖరికి ఉంచుకున్నాను. ఆవిడ కొట్లో కూర్చుని బొత్తాలు రంగువారీగా ఏరుతోంది.

"కొట్టేయడానికి వచ్చావా?" అంది, తల ఎత్తకుండానే.

"ఎలా తెలుసు పిన్నీ?"

"మా వాడు ఫోను చేశాడు. అక్కడ కూడా వచ్చి రాసుకుని పోయారట. మనిషి ఒక్కడే కదా, రెండుచోట్ల ఎలా ఉంటాడు? నువ్వు వస్తావనే చూస్తున్నాను." నల్ల బొత్తం ఒకటి తెల్లవాటిలో పడితే తీసి పక్కన పెట్టింది. "రాసినప్పుడు నీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"నాకూ తెలుసులే," అంది. "ఆ నాలుగు రోజులూ బాగుండింది."

ఫారం బల్ల మీద పెట్టి మూడు వరసలూ కొట్టేసి, పక్కన సంతకం చేశాను. లోపల మేకుకు చొక్కా లేదు. నేను అటు చూడటం పిన్ని గమనించింది. "మొన్న వచ్చినప్పుడు ఇచ్చేశాను. వాడి ఇంట్లో ఉంటే వేసుకుంటాడు కదా," అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దారం ఉండ ఒకటి కొనుక్కుని వచ్చేశాను, మా ఇంట్లో దారానికేం కరువని!

సాయంత్రం ఆఫీసు హాల్లో కొత్త లెక్క కట్టారు. రెండువేల నాలుగొందల తొంభై నాలుగు. ఆరుగురు తక్కువ. సూపర్‌వైజరు అట్ట మీద పాత అంకె చెరిపి కొత్తది రాస్తుంటే నేను అక్కడే నిలబడ్డాను. ఎవరో నా వెనక బెంచీలు మోసుకుపోతున్నట్టు అనిపించలేదు ఈసారి. అవి ఎప్పుడో వెళ్ళిపోయాయి, నేనే ఆలస్యంగా చూశాను.

"మరి మీ ఇంటి సంగతి?" అన్నాడు సూపర్‌వైజరు. ఫారాలు రెండూ బల్ల మీద పెట్టాడు. పాత బజారుది నా చేతిరాత, కాలనీది గొడుగు టీచరు చేతిరాత. ఇప్పుడు ఈ నలుగురి వల్ల బడికి ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. అడుగుతున్నది మా ఇంటి గురించి మాత్రమే. పంతొమ్మిదేళ్ళు, పద్దెనిమిది మెట్లు, ముప్ఫై ఒక్క మంది పిల్లలు, అన్నీ ఒకసారి గుర్తొచ్చాయి. మా అత్తగారు పెయింటు డబ్బా మీద కూర్చుని నలుగురం అని చెప్పడం కూడా కళ్ళకు కట్టింది.

పాత బజారు ఫారం దగ్గరికి లాక్కుని నాలుగు వరసలూ కొట్టేశాను. అట్ట మీద అంకె ఇంకో నలుగురు తగ్గింది.

"సంబంధం సరిచేయండి మేడం. కూతురు కాదు కదా," అన్నాడాయన కాలనీ ఫారం ముందుకు తోసి.

రూలు రూలే. కూతురు అన్న మాట మీద గీత పెట్టి, కోడలు అని రాసి, వయసు దగ్గర మూడేళ్ళు కలిపి, ప్రధానోపాధ్యాయురాలిని మామూలు టీచరుగా దించి సంతకం పెట్టాను. అన్నిటికంటే ఆ మొదటి గీత పెట్టడానికే చెయ్యి ఆడలేదు. ఇంటికెళ్ళి సంగతి చెప్పగానే మా అమ్మాయి ఎగిరి గంతేసింది. మా ఆయన కుర్చీలో కూలబడి, జేబులో సూదులన్నీ తీసి డబ్బాలో వేశాడు. మా అత్తగారు మాత్రం, "నన్నేమని రాశావ్, నిన్నేమని రాశావ్?" అని ఆరా తీసింది.

"మిమ్మల్ని ఇంటి పెద్ద అనే ఉంచాను. నన్ను కోడలని దిద్దాను."

"రాసుకో. కాగితం నీది, పెన్ను నీది," అని మూతి విరిచింది. మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

హెడ్మాస్టరుగారు నెల రోజులు మాట్లాడలేదు. బడి మూసిన రోజున మాత్రం నా చేతికి గంట ఇచ్చి, "నువ్వే కొట్టమ్మా," అన్నారు. కొట్టాను. ఆ తర్వాత కాలనీ బడిలో నాకు అరవై ఎనిమిది మంది పిల్లల్ని అప్పగించారు. మొదటి రోజు హాజరు పిలుస్తుంటే పదకొండు మంది పేర్లు నాకు ముందే తెలుసు. వాళ్ళ యూనిఫాం కొలతలు మా ఆయన పుస్తకంలో ఉన్నాయి, నీలం గీతతో. ఆయన కాలనీలో షాపు తెరిచిన వారానికే ఆ గీతలన్నీ తడిగుడ్డతో తుడిచేశాడు.

ఇదంతా జరిగి పదేళ్ళు. మొన్న మళ్ళీ లెక్కలవాళ్ళు వచ్చారు. ఇప్పుడు ఫారాలు లేవు, సుద్దముక్కలు లేవు. ఒక చిన్నపిల్ల అరచేతి పలకలాంటి యంత్రం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మా కాలనీ కూడా ఇప్పుడు పాతబడింది. రెండో రింగు రోడ్డు అవతల ఇంకేదో లేస్తోందట, మా వీధిలో నాలుగిళ్ళకు తాళాలు. మా అమ్మాయి కూడా పెళ్ళి చేసుకుని అటే వెళ్ళింది. "పోట్లాడటానికి మళ్ళీ మనుషులు తగ్గిపోతున్నారే," అని మా అత్తగారు ఈ మధ్య మొదలుపెట్టింది. ఎనభై రెండేళ్ళు ఆవిడకు. నోరు మాత్రం అలాగే ఉంది.

ఆ పిల్లకు కుర్చీ వేశాను. మా అత్తగారు ఎదురుగా సర్దుకుని కూర్చుంది.

"ఇంట్లో ఎంతమందమ్మా?"

"ముగ్గురం. మనవరాలు అత్తారింట్లో ఉంది, దాన్ని రాయకు," అంది మా అత్తగారు. "ఇంటి పెద్దను నేను. వీడు నా కొడుకు."

మా ఆయన కుట్టుమిషను దగ్గర్నుంచి తలూపాడు. ఆ పిల్ల యంత్రం మీద నొక్కుకుంటూ నా వైపు చూపించింది. "ఈవిడ మీకేమవుతారు?"

మా అత్తగారు ముందు నా మొహంలోకి చూసింది. దిద్దుతానేమోనని చూసింది.

"కూతురు," అంది.

ఆ పిల్ల మా ఇద్దరినీ, మిషను దగ్గరున్న ఆయననీ మార్చి మార్చి చూసి, "అంతేనా మేడం?" అని నన్నడిగింది.

"అంతే," అన్నాను. "రాసుకో."